పందుంపుల్ల మొదలు పేస్టు వరకు

నాంపల్లి స్టేషనులో తెల్లవారుజామున రైలు దిగినవారిని చూచుట నాకు చిన్ననాటినుండి ఒక వేడుక. 1907లో కట్టిన ఆ స్టేషను ముంగిట మూట ప్రక్కన పెట్టుకొని, కుళాయి చెంత గొంతుకూర్చుండి పండ్లు తోముకొను మనిషిని చూచి, అతడెచ్చటివాడో చెప్పవచ్చునని మా మేనమామ అనుచుండెడివాడు. వేపపుల్ల నమలువాడు పల్లెవాడు. అరచేతిలో నల్లనిపొడి పోసికొని చూపుడువ్రేలితో రుద్దువాడు చిన్న పట్టణమువాడు. సంచిలోనుండి బ్రష్షును, పేస్టుగొట్టమును తీయువాడు కచేరి ఉద్యోగి. ఇందులో కొంత అతిశయోక్తి లేకపోలేదు. కాని ఆ మూడు సాధనములు ఒకే కుళాయి దగ్గర కలిసికొన్న దృశ్యమును మాత్రము నేను పలుమార్లు చూచితిని. మన నగరములో దంతధావన చరిత్ర అంతయు ఆ కుళాయి చుట్టునే ఉన్నదనిపించెడిది.

ఈ చరిత్రను నేడు చెప్పబూనుటకు ఒక కారణము కలదు. బజారులో దొరకు పేస్టు పసిపిల్లలు మ్రింగెదరేమోయను భయముతో, చెట్టునుండియో వంటింటినుండియో తీసికొని వాడదగిన దేదైన కలదాయని తల్లులు అడుగుచున్నారు. ఆ భయము నిరాధారమైనది కాదు. అట్లని పూర్వులు వాడిన ప్రతి వస్తువును మేలైనదని నమ్ముటయు చెల్లదు. ఏది ఎట్లు వచ్చెనో తెలిసికొన్నచో ఏది ఉంచుకొనవలెనో కొంతవరకు తేలును.

మన భాషలో ఈ పనికి పుట్టిన మాటయే పుల్లతో పుట్టినది. పలుదోముపుల్ల జనుల నోట పందుంపుల్ల అయినది. ఆ పుల్ల ఎట్లుండవలెనో సుశ్రుతసంహిత చికిత్సాస్థానము వివరముగా చెప్పుచున్నది: పండ్రెండు అంగుళముల పొడవు, చిటికెనవ్రేలి లావు, వంకరయు కణుపులును లేకుండుట, పచ్చిదై యుండుట. రుచులనుబట్టి చెట్లను కూడ ఏర్పరచినది. చేదువానిలో వేప, వగరువానిలో చండ్ర, తీపివానిలో ఇప్ప, కారపువానిలో కానుగ శ్రేష్ఠములట. చరకుడు దినమునకు రెండుమారులు తోముకొనవలెననియు, చిగుళ్ళకు దెబ్బ తగులరాదనియు హెచ్చరించెను. రెండుమారులను మాటను నేటి దంతవైద్యులు కూడ అనుచున్నారు. మనమే నడుమ మరచిపోతిమి. దగ్గు, ఎక్కిళ్ళు, నోటిపూత, గొంతుజబ్బు ఉన్నవారు పుల్ల వాడరాదని కూడ సుశ్రుతుడు నియమము పెట్టెను. ఈ భాగమును మన పందుంపుల్ల అభిమానులు అంతగా చెప్పరు.

తెలంగాణపు పల్లెలలో వేప, కానుగ, తుమ్మ, ఉత్తరేణి వేరు వాడుక. పుల్ల చివరను నమిలి కుంచెవలె చేసికొని, ఒక్కొక్క పన్నును విడివిడిగా రుద్ది, తరువాత ఆ పుల్లను నిలువున చీల్చి నాలుక గీచుకొనెడివారు. ఒక పుల్లతో రెండు పనులు. వాడిన పిమ్మట పారవైచుటయే గాని కడిగి దాచుకొను పనిలేదు. ఇందులో మేలు చేయునది కేవలము చేదు కాదు. నమలుట వలన నోట లాలాజలము ఊరును. నారలు పంటిమీది మడ్డిని తుడుచును. అరగంట తీరికగా చేయుట వలన ఏ మూలయు మిగులదు. వేపలోని పదార్థములు సూక్ష్మజీవుల పెరుగుదలను కొంత అడ్డగించునని ప్రయోగశాలలలో చూచినారు. కాని అయిదేండ్ల పిల్లవానికి పుల్ల చివర నమిలి కుంచె చేయుటకు తగిన దవడబలమును, ఓపికయు ఎక్కడివి? పల్లెలలో సయితము చిన్నపిల్లలకు పుల్ల ఇచ్చుట అరుదు. వారికి తల్లి వ్రేలే బ్రష్షు, పొడియే మందు.

ఆ పొడి కథ వేరు. పిడకలను కాల్చి ఆర్పిన కచ్చికను మెత్తగా నూరి, వస్త్రకాళితము చేసి, కొంచెము ఉప్పు కలిపి సీసాలో పోసి ఉంచెడివారు. భోగిమంటలలో మిగిలిన పిడకలను ఇందుకై ప్రత్యేకముగా ఏరి తెచ్చిన ఇండ్లు కూడ ఉన్నవి. కొందరు ఊకబొగ్గు, కొందరు బాదముపెంకుల బొగ్గు వాడిరి. బాగుగా జల్లించిన బూడిద మెత్తగానే ఉండును. అయితే జల్లెడ పట్టు ఓపిక అందరికి ఉండదు. మా ఇంటి దొడ్డిలో పిల్లలకు ఒక కాలమున ఇటుకపొడి ఇచ్చినారు. పండ్లు తళతళలాడెను, ఇంటికి వచ్చినవారు మెచ్చుకొనిరి. నాకు ముప్పదియేండ్లు వచ్చునప్పటికి పంటిమెడల దగ్గర పింగాణీ అరిగి, చల్లని నీరు త్రాగినచో మెదడువరకు జిల్లుమనుట మొదలయ్యెను. తళతళ అంతయు అరుగుదలయేనని అప్పటికి తెలిసినది. ఎవరిని తప్పుపట్టగలను? ప్రేమతోనే ఇచ్చినారు.

హైదరాబాదునకు వచ్చుసరికి ఈ చరిత్రకు ఇంకొక పాయ వచ్చి కలిసినది. నాంపల్లిలో యూసుఫైన్ దర్గా వీథిలోకాని, పాతబస్తీలో ఏ మసీదు వాకిటకాని నిలుచున్నచో మిస్వాక్ పుల్లలు కట్టలుగా కనబడును. అది పీలుచెట్టు వేరు. ప్రార్థనకు ముందు నోరు శుభ్రపరచుకొనుట ముస్లిముల ఆచారమగుటచే దినమునకు రెండుమారులే కాదు, అంతకు మిక్కిలిగా పుల్ల నోటికి తగులును. యునానీ వైద్యములో పళ్ళపొడికి సనూన్ అను పేరు కలదు. మాచికాయ, పటిక, లవంగము, అక్కలకర్ర వంటివి అందులో చేరును. దక్కనులోని స్త్రీలు సింగారమునకై పండ్లకు నల్లని మిస్సీ పట్టించుకొనెడి కాలమును ముదుసలివారి నోట వినియుంటిమి. తెల్లని పలువరుసయే అందమను మాట అన్ని కాలములకు చెల్లదని దీనివలన తెలియుచున్నది.

ఈ పాయనుండియే మన నగరపు స్వంత పళ్ళపొడి పుట్టినది. 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ స్థాపించిన జిందా తిలిస్మాత్ కార్ఖానా అంబరుపేటలో ఉన్నది. జలుబునకు, దగ్గునకు వాడు ఆ సీసామందు నెరుగని ఇల్లు హైదరాబాదులో లేదు. ఆ కార్ఖానావారిదే ఫారూఖీ టూత్ పౌడర్. సంస్థానము పోయి, రాష్ట్రములు మారి, పెద్దపెద్ద విదేశీ గొట్టములు అంగళ్ళనిండ నిలిచినను ఆ పొడి మాత్రము ఇప్పటికిని అమ్ముడగుచున్నది. 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలై, 1946నుండి నాంపల్లి మైదానములో జరుగుచున్న నుమాయిషుకు ఏటేట పోవువారికి ఇట్టి దేశీ సరకులు ఒక్కచోట చూచుట అలవాటే. దక్షిణాదిలో దీనికి సాటియైనది నంజనగూడు పళ్ళపొడి. 1913లో నంజనగూడులో బి. వి. పండితులు సద్వైద్యశాలను స్థాపించిరి. వడ్ల ఊకనుండి చేసిన ఆ గులాబిరంగు పొడి తెలుగు ఇండ్లలోకి కూడ పొట్లములుగా వచ్చెను. పిల్లలు దానిని తోముకొనుటకంటె తినుట ఎక్కువ.

ఇక ఆబిడ్సు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ అనునాయన అచ్చట ఒక దుకాణము నడపెను. దుకాణము పోయినను పేరు మిగిలి, ఆ ప్రాంతమంతయు ఆబిడ్సు అయినది. విదేశీ వస్తువులకు ఆ వీథియే నగరపు వాకిలి. గొట్టములో పెట్టిన దంతలేపనము పాశ్చాత్య దేశములలో పందొమ్మిదవ శతాబ్ది చివర పుట్టినది. మన దేశమున కోల్గేటు కంపెనీ 1937లో ఏర్పడినది. స్వదేశీయులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1916లో స్థాపింపబడిన కలకత్తా కెమికల్ కంపెనీ వేపనే పేస్టుగా చేసి గొట్టములో నింపి అమ్మెను. పందుంపుల్ల సూటుబూటు తొడిగికొన్న దనవచ్చును.

బ్రష్షునకు మాత్రము మన ఇండ్లలో చాలకాలము ప్రవేశము దొరకలేదు. మొదటి బ్రష్షుల వెండ్రుకలు పందివి. అది తెలిసిన ముస్లిము ఇంటిలోను, శాకాహారుల ఇంటిలోను దానిని ముట్టుటకు ఇష్టపడరు గదా. 1938లో అమెరికాలో నైలాను కుచ్చుల బ్రష్షు వచ్చిన తరువాతనే ఆ అడ్డు తొలగినది. మన నుమాయిషు, నైలాను బ్రష్షు ఒకే యేటివారు.

పేస్టు మన ఇండ్లలోకి వచ్చిన రెండవ దారి అంగడి కాదు, రేడియో. ఆబిడ్సు చెంత చిరాగ్ అలీ గల్లీలో మొదలై, 1935లో నిజాము ప్రభుత్వపు చేతికి వచ్చి, 1950లో ఆకాశవాణిలో చేరిన మన దక్కన్ రేడియోలో వ్యాపార ప్రకటనలకు తావులేదు. ఆకాశవాణి 1967 వరకు ప్రకటనలను దగ్గరకు రానీయలేదు. కాని సముద్రము దాటి సిలోను రేడియోనుండి 1952లో ఒక పాటల కార్యక్రమము బయలుదేరెను. అమీన్ సయానీ కంఠమున వినిపించిన ఆ బినాకా గీత్‌మాలా పేరులోనే పేస్టు ఉన్నది. వారమునకొకమారు రేడియోచుట్టు మూగిన పిల్లలకు, ఏ పాట మొదటి మెట్టెక్కెనో తెలిసినంతగా పేస్టు పేరును తెలిసెను. పెట్టెలో జంతువుల చిన్నబొమ్మ దొరకుట దానికి తోడు. వేపచెట్టు ఏ బొమ్మను ఇచ్చును? పోటీ అక్కడనే తేలిపోయినది.

ఇంతకు పుప్పిపన్ను ఎందులకు వచ్చును? పంటిలో పురుగు దూరునని మనవారు నమ్మిరి. వాకుడుగింజలను నిప్పుమీద వైచి ఆ పొగ పట్టించి, పురుగులు రాలినవని చూపు వైద్యులు వీథివీథిని తిరుగుచుండెడివారు. 1890లో బెర్లినునందలి మిల్లరు నోటిలోని సూక్ష్మజీవులను గూర్చి గ్రంథము వ్రాసి, ఆ జీవులు పిండిని, చక్కెరను పులియబెట్టి ఆమ్లము చేయుననియు, ఆ ఆమ్లమే పంటి సున్నమును కరిగించుననియు తెలిపెను. 1924లో క్లార్కు అను నాతడు వానిలో ముఖ్యమైన జీవిని వేరుచేసి చూపెను. అనగా పురుగు కాదు గాని, మనవారి ఊహ పూర్తిగా పెడదారిది కాదు.

అసలు దోషి చక్కెర. పూర్వపు పల్లెపిల్లవాడు జొన్నరొట్టె నమిలి, పండుగనాడు బెల్లము తినెను. వాని పండ్లు గట్టిగా నిలుచుటలో వేప పాలెంతయో, చక్కెర లేకపోవుట పాలెంతయో విడదీయుట కష్టము. బోధనులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసినది కూడ 1937లోనే. కోల్గేటు కంపెనీ, చక్కెర ఫ్యాక్టరీ ఒకే యేట వచ్చుట యాదృచ్ఛికమే. అయినను తలచుకొన్నప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. తీయని ఇరానీ చాయలో ఉస్మానియా బిస్కత్తు ముంచి దినమునకు నాలుగుమారులు తిను పిల్లవానికి, ఉదయమున ఒక్కమారు తిప్పిన వేపపుల్ల ఏపాటి రక్ష?

1937కు ఇంకొక ముఖ్యసంగతి కూడ కలదు. చెన్నరాజధానిలోని తెలుగు పల్లెలలో, నేటి ప్రకాశము జిల్లా ప్రాంతమున, పండ్లు గోధుమరంగు మచ్చలుపడి, ఎముకలు బిగిసి వంగిపోవు జబ్బును వైద్యులు వర్ణించి ప్రకటించినది ఆ యేటనే. బావినీటిలోని ఫ్లోరైడు దానికి కారణము. మన దేశమున ఈ జబ్బు మొదట నమోదైనది ఆ తెలుగునేలయందే. తరువాత నల్లగొండ పేరు దీనితో ముడిపడినది. 1970 దశకములో నాగపూరులోని నీరీ సంస్థ పటిక, సున్నములతో ఫ్లోరైడును తేర్చు పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టినది. 2016 తరువాత మిషన్ భగీరథ ద్వారా ఏటినీరు ఆ పల్లెలకు వచ్చెను.

ఇప్పుడు వింత వినుడు. ఇట్టి గోధుమరంగు మచ్చలనే 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు ఊరిలో మెక్కే అను దంతవైద్యుడు చూచెను. కారణము ఫ్లోరైడని 1931లో తేలెను. పరిశోధకులు ఇంకను లోతుగా చూడగా, ఎక్కువైనచో మచ్చ వేయు ఆ పదార్థమే, మిక్కిలి తక్కువ మోతాదులో పుప్పిపన్నును నివారించుచున్నదని బయటపడెను. 1956లో ఫ్లోరైడు కలిపిన పేస్టు అమెరికా అంతట అమ్మకమునకు వచ్చినది. అనగా నల్లగొండ బిడ్డ నవ్వును చెరచినదియు, పేస్టులోనుండి బిడ్డ పంటిని కాచునదియు ఒకటే. తేడా మోతాదులో ఉన్నది. సహజము, కృత్రిమము అను విభజన ఇచ్చట పనికిరాదు. నల్లగొండ బావిలోని ఫ్లోరైడు నేలలోని రాతినుండి సహజముగా వచ్చినదే గదా!

ఈ సంగతి తెలియక నగరమునకు వలసవచ్చిన తల్లిదండ్రులు చేయు ఒక పొరపాటు నన్ను బాధించును. బిడ్డ పంటిమచ్చను మురికియనుకొని బొగ్గుతోను, ఇటుకపొడితోను, నిమ్మరసముతో కలిపిన ఉప్పుతోను రుద్దుదురు. ఆ మచ్చ పన్ను చిగురులోపల తయారగుచున్నప్పుడే, ఎనిమిదేండ్ల లోపున ఏర్పడినది. ఎంత రుద్దినను పోదు. పోవునది పింగాణీ మాత్రమే. నిమ్మరసము చక్కెరజీవులు చేయు పనినే తానును చేయును.

పిల్లలకు మరి ఏమి వాడవలెను? పాలపండ్లు వచ్చినది మొదలు తడిగుడ్డతోగాని మెత్తని బ్రష్షుతోగాని తల్లియే తుడువవలెను. మూడేండ్లలోపు బిడ్డకు ఫ్లోరైడు పేస్టు బియ్యపుగింజంత, తరువాత ఆరేండ్లవరకు బఠాణీగింజంత చాలునని దంతవైద్యులు చెప్పుదురు. ప్రకటనలలో బ్రష్షు పొడవున పాములాగ పరచిన పేస్టు పిల్లలది కాదు, అమ్మకపుదారులది. మన దేశపు నియమముల ప్రకారము పేస్టులో ఫ్లోరైడు పదిలక్షలకు వేయి పాళ్ళు మించరాదు. పిల్లవాడు మ్రింగకుండ ఉమ్మువరకు పెద్దలు ప్రక్కన నిలువవలెను. బావినీటిలో ఫ్లోరైడు ఉన్న ఊరివారైనచో వైద్యునడిగి వాడవలెను. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించినది త్రాగదగదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అన్నది. హైదరాబాదు కుళాయినీరు ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులతో మొదలై, తరువాత మంజీర, కృష్ణా, గోదావరులనుండి వచ్చుచున్నది. అందుచే నల్లగొండ బావుల భయమును ఇచ్చటి కుళాయికి అంటగట్టనక్కరలేదు.

వేపపుల్లయు, మెత్తని పళ్ళపొడియు చెడ్డవని కాదు. మంచిదైన పొడి మడ్డిని తుడుచును. చిగుళ్ళకు హాయి నిచ్చును. కాని అవి పుప్పిని ఆపుననుటకు, ఫ్లోరైడునకున్నంత సాక్ష్యము లేదు. వంటసోడా, కొబ్బరినూనె, పసుపు మొదలగువాని గతియు అంతే. వీనిలో ఏదియు ఇటుకపొడివలె అరగదీయకున్న చాలునని నా లెక్క. ఎఱ్ఱపొడులలో పొగాకు కలిపి అమ్ముట ఒకప్పుడు బహిరంగముగా సాగెను. పిల్లలు కూడ దానికి అలవాటుపడిరి. ప్రభుత్వము 1992లో దానిని నిషేధించెను. చెట్టునుండి వచ్చినదంతయు బిడ్డకు మేలనువారు ఈ ముక్క గుర్తుంచుకొందురుగాక. పొగాకు కూడ మొక్కయే.

ఇటీవల ఆబిడ్సులో ఆదివారపు పాతపుస్తకముల బజారునకు పోయి, తిరిగివచ్చుచు ఒక అంగడిలో బొగ్గు కలిపిన పేస్టు, ఉప్పు కలిపిన పేస్టు, వేప కలిపిన పేస్టు వరుసగా పేర్చియుండుట చూచితిని. మా చిన్నతనమున ఉప్పు, బొగ్గు మోటుతనమని ఎగతాళి చేసిన ప్రకటనలే నేడు, మీ పేస్టులో ఉప్పున్నదాయని అడుగుచున్నవి. ధర చూచి మా అమ్మమ్మ సీసాలోని కచ్చికకు ఎంత వెల కట్టవచ్చునోయని లెక్కవేసితిని.

నేను నేటికిని వేపపుల్లనే వాడుచున్నాను. రాత్రిపూట మాత్రము బ్రష్షు, పేస్టు. మా మనుమనికి అయిదవయేడు. వానికి రెండుపూటల బఠాణీగింజంత పేస్టు, ప్రక్కన నేను కాపలా. మొన్న నా చేతిలోని పుల్ల కావలెనని పేచీపెట్టెను. ఇచ్చితిని. ఒక్కమారు కొరికి, మొగము చిట్లించి, తు అని ఉమ్మివైచి, కొంతసేపు నన్ను అనుమానముగా చూచెను. పిమ్మట, తాతా, నీవు ఏమి తప్పు చేసినావని నీకు రోజూ ఇది పెట్టుచున్నారని అడిగెను.